ఒక్క దుమ్మే లేచింది

"నీ లెక్కలన్నీ తేలేసరికి ఆ పోతు ముసలిదైపోయి దానంతటదే చస్తుంది అమ్మాయ్," అన్నాడు ఎరోల్.

రిపెకా తల తిప్పలేదు. బండ మీద బోర్లా పడుకుని, దూరం కొలిచే పరికరాన్ని కంటికి ఆనించి ఉంది. లోయకి అవతలి వాలు మీద, పసుప్పచ్చ గడ్డిలో, ఎర్ర దుప్పిపోతు మెడ సాచి రంకె వేస్తోంది. ఇక్కడ చలికాలానికి ముందొచ్చే ఏప్రిల్ నెల కదా, ఆడదుప్పుల కోసం పోతులు వారం రోజులుగా కొండలన్నీ హోరెత్తిస్తున్నాయి.

"నాలుగొందల ముప్ఫై మీటర్లు," అంది రిపెకా. "దూరం ఫరవాలేదు. గాలే బాగాలేదు."

"గాలికేమొచ్చింది? బంగారంలా ఉంది."

"ఇక్కడ బంగారమే. అక్కడ చూడండి, ఆ గడ్డి ఎటు వంగుతోందో. మన దగ్గర ఎడమ నించి కుడికి, అక్కడ కుడి నించి ఎడమకి. మధ్యలో లోయలోంచి పైకి ఎగదన్నుతోంది. కిందకి పాకి ఆ రెండో బండ దాకా పోదాం. నూట యాభై మీటర్లు తగ్గుతుంది."

"పాకు. పాకేసరికి వాడు అవతలి జిల్లాకి పోతాడు."

మా వేట క్లబ్బులో ఎవరికి ఏ కొండో, ఎవరికి ఎవరు జతో చీటీలు తీసి తేలుస్తారు. ఈ ఏడు చీటీలు ఎరోల్ టెయిట్‌కి రిపెకాని అంటగట్టాయి. ఎరోల్‌కి అరవై ఏడు. బతుకంతా కంచెలు వేసినవాడు, చేతులు ఇప్పటికీ ముళ్లతీగ చుట్టుకున్నట్టే ఉంటాయి. రిపెకాకి నలభై ఒకటి. పాల ట్యాంకర్ నడుపుతుంది. క్లబ్బులో చేరి రెండేళ్లు. ఇక్కడి మూలవాసులైన మావోరీల్లో ఆడదాన్ని చేర్చుకోవడమేమిటని మొహం మీద ఎవరూ అనలేదు గానీ, ఆమె గదిలోకి వస్తే జోకులు సగంలో ఆగిపోయేవి. ఆమె వేటాడేది గోడకి కొమ్ములు తగిలించుకోవడానికి కాదు. అమ్మ, పెద్దమ్మలు, వాళ్ల మనవలు, మొత్తం ఐదిళ్ల ఫ్రీజర్లు చలికాలానికి నిండాలి.

పొద్దున కొండ కింద బొమ్మా బొరుసూ వేశారు. మొదటి దెబ్బ రిపెకాది. జతగాడు వెనక కాచుకోవాలి, తుపాకీ పేలకుండా దాని బోల్టు పైకెత్తి ఉంచాలి, ఆమె "కాల్చు" అనేదాకా దించకూడదు. ఇది మా దగ్గర పసిపిల్లలకి కూడా తెలిసిన పద్ధతి.

ఎరోల్ బోల్టు దించే ఉంది.

"మీది టూ సెవెంటీ తూటా కదా," అంది రిపెకా కాస్త మంచి చేసుకుందామన్నట్టు. "బయల్దేరినప్పుడు నాదాని కన్నా అదే వేగం. మూడొందలు దాటాకే గాలికి లొంగుతుంది. నా సిక్స్ ఫైవ్ గుండు సన్నగా పొడుగ్గా ఉంటుంది, గాలిని కోసుకుంటూ పోతుంది. నాకే ఈ గాలి నచ్చట్లేదంటే చూడండి."

"ఈ సంగతి దుప్పికి తెలుసా?"

"ఏంటి?"

"నీది కొత్త తూటా అని, నాది మా నాన్న నాటి తూటా అని. తెలిస్తే దేనికి చావాలో అదే ఎంచుకుంటుంది." తన జోక్‌కి తనే ముక్కుతో నవ్వుకున్నాడు ఎరోల్. "పైగా రాగి గుండ్లట. సీసానికి ఏం రోగం వచ్చింది?"

"పిల్లలు తినే మాంసం. సీసం ముక్కలు ముక్కలైపోయి కండలో మిగుల్తుంది. రాగి ఒక్క ముక్కలా ఉంటుంది."

"మేమంతా సీసం తినే పెరిగాం."

"కనపడుతూనే ఉంది," అంది రిపెకా.

అది ఎరోల్‌కి ఎక్కడో తగిలింది. చెవులు ఎర్రబడ్డాయి. పోతు నడవడం మొదలుపెట్టింది, ఇంకో నాలుగడుగులు వేస్తే అడవిలోకి దూరిపోతుంది. రిపెకా చప్పున తుపాకీ భుజానికి ఆనించి, స్కోపు మీది చక్రం తిప్పింది. ఊపిరి వదిలి బిగబట్టింది. పోతు ఆగింది.

రెండు తుపాకులూ పేలాయి.

ఒకదాని వెనక ఒకటా, రెండూ కలిసా? లోయ ఆ చప్పుడుని అటూ ఇటూ విసిరేసి కలగాపులగం చేసేసింది. పోతు వీపుకి పైన, బారెడు ఎత్తున, దుమ్ము లేచింది. ఒక్క దుమ్మే. పోతు వెనక్కి కూలబడి, మళ్లీ లేచి, కుడి వెనక కాలు గుడ్డపేలికలా వేలాడుతుంటే, మూడు కాళ్ల మీద గెంతుకుంటూ అడవిలో పడిపోయింది.

రిపెకా చెవి పట్టుకుని పక్కకి దొర్లింది. "నువ్వెందుకు కాల్చావ్? నేను చెప్పానా? నేను చెప్పానా నీకు?" అంతవరకూ ఉన్న 'మీరు' ఆ క్షణాన పోయింది, మళ్లీ రాలేదు.

"నువ్వు దాని కాలు విరగ్గొట్టావు కాబట్టి కాల్చాను!" ఎరోల్ లేచి నిలబడి అరిచాడు. "పడగొడదామని కాల్చాను. తొందరలో ఎత్తు ఎక్కువ పట్టాను, నాది పైనించి పోయింది. ఆ దుమ్ము నాది. ఒప్పుకుంటున్నాను. నీది ఒప్పుకో."

ఆ మాట అన్నప్పుడు ఎరోల్ అబద్ధం ఆడలేదు. అలాగే జరిగిందని నమ్మాడు. మనిషి తనకి కావలసినదాన్ని ఎంత త్వరగా నమ్మేస్తాడో!

సాయంత్రం దాకా వెతికారు. ఆకుల మీద చుక్కలు చుక్కలుగా నెత్తురు, నాచు మీద కాలు ఈడ్చిన గీత. రిపెకా ముందు మోకాళ్ల మీద పాకుతూ, ప్రతి చుక్క దగ్గరా కొమ్మకి కాగితం ముక్క కడుతూ పోయింది. నాలుగింటికి పొగమంచు దిగింది, దాని వెనకే వాన. చుక్కలు కడిగేసింది.

"రేపు మళ్లీ వద్దాం," అంది రిపెకా, పెదాలు నీలం రంగుకి తిరిగిపోయి.

"రేపు కమిటీ ఉంది," అన్నాడు ఎరోల్.

కిల్‌బ్రైడ్ గొర్రెల ఎస్టేటు వాళ్లు మా క్లబ్బుని కొండల్లోకి రానిచ్చేది ఒక షరతు మీద. గురి తప్పితే తప్పు కాదు, ఎవరికైనా తప్పుతుంది. నెత్తురు చూసి, జంతువుని దొరకబుచ్చుకోకుండా కొండ దిగితే మాత్రం, దాన్ని గాయపరిచినవాళ్లు మూడేళ్లు ఆ గేటు దాటకూడదు. కమిటీ అంటే ముగ్గురు. అధ్యక్షుడు నెవిల్, ఊళ్లో ఇనప సామాన్ల కొట్టాయన, ఎరోల్‌కి బడినాటి నేస్తం. మిగతా ఇద్దరూ నెవిల్ ఏమంటే అదే అనేవాళ్లు.

ఆదివారం పది గంటలకి క్లబ్బు గదిలో టీ కెటిల్ పక్కన తేల్చేశారు. పావుగంట పట్టలేదు.

"దుమ్ము ఒక్కటే లేచిందా?" అడిగాడు నెవిల్.

"ఒక్కటే," అంది రిపెకా.

"అది నాదని ఎరోల్ తన నోటితో తనే ఒప్పుకుంటున్నాడు. గురి తప్పిందని ఏ మగాడూ ఊరికే ఒప్పుకోడమ్మా."

"రెండు తుపాకులూ వెంటవెంటనే పేలాయి. ఏది ఎవరిదో ఆయనకెలా తెలుసు? నా చెవి పక్కన ఆయన ముందు పేల్చాడు, నేను ఉలిక్కిపడ్డాను. నాదే పైకి పోయి ఉంటుంది."

"ఆ కంప్యూటర్ తుపాకీతో గురి తప్పిందంటావా?" అన్నాడు రెండో ఆయన. ముగ్గురూ నవ్వారు.

"అక్కడ గాలి తిరగబడుతోంది. నేను చెప్పాను, వద్దన్నాను..."

"అన్నీ కొలిచే పరికరాలు పెట్టుకుని గాలి అంటే ఎలాగమ్మా?" అన్నాడు నెవిల్ మెత్తగా. ఆ మెత్తదనం చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. "అంత దూరం కొట్టే తూటాలు వచ్చాక అందరూ అంత దూరం కొట్టేద్దామనుకుంటున్నారు. అదీ అసలు జబ్బు."

రిపెకా బల్ల మీద తన తూటా ఒకటి నిలబెట్టింది. "నావి పూర్తిగా రాగి. ఆయనవి సీసం. ఆ జంతువుని వెతికి, కాలు కోసి చూడండి. ఏది ఉంటే వాళ్లదే తప్పు. నేను వెతుకుతా. నాకు రెండు రోజులివ్వండి."

"నీకింక కొండ లేదమ్మా," అన్నాడు నెవిల్. "రూలు రూలే."

రిపెకా ఎరోల్ వంక చూసింది. ఆయన ఒక్క మాటంటే చాలు, 'వెతకనివ్వండి' అంటే చాలు. ఎరోల్ టీలో చక్కెర కలుపుకుంటున్నాడు. ఆయన చక్కెర వేసుకోడు.

"ఐదిళ్ల వాళ్లు," అంది ఆమె. తూటా జేబులో వేసుకుని వెళ్లిపోయింది. బయట ఆమె ట్రక్కు తలుపు వేసిన చప్పుడికి కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

ఆ రోజంతా ఎరోల్ ఇంట్లో పులిలా తిరిగాడు. ఎస్టేటు కంచె మీద కోపం, వాన మీద కోపం. అన్నిటికన్నా ఎక్కువ, తన కళ్లలోకి చూస్తూ 'ఆయన ముందు పేల్చాడు' అన్న ఆ పిల్ల మీద కోపం.

"నన్ను అబద్ధాలకోరంది ఐలీన్! నలభై రెండేళ్లు, ఒక్క జంతువుని వదల్లేదు నేను. ఒక్కదాన్ని!"

ఆయన భార్య ఐలీన్ బంగాళాదుంపలు చెక్కుతూ, "నీ బోల్టు దించి ఉందా, ఎత్తి ఉందా?" అంది.

"ఏ మాట ఎక్కడ గుచ్చుతుందో నీకు బాగా తెలుసు."

"అడిగానంతేనయ్యా."

"రేపు పోయి దాన్ని వెతుకుతాను. ఆ రాగి గుండు తీసుకొచ్చి ఆ పిల్ల ట్యాంకర్ అద్దం మీద పెడతాను. అప్పుడేమంటుందో చూస్తా."

సోమవారం తెల్లారుతూనే ఒక్కడే కొండెక్కాడు. మోకాళ్లు నొప్పి, అయినా కోపం మనిషిని నడిపిస్తుంది. శనివారం దుప్పి నిలబడ్డ చోటు దగ్గర మొదలుపెట్టి, రిపెకా కట్టిన కాగితం ముక్కలు పట్టుకుని పోయాడు. తడిసి ముద్దయినా ఒక్కటీ ఊడలేదు. ముళ్లకంపల్లో కూడా కట్టింది. ఆ కంపల్లో చేతులు పెట్టి ముడులు ఎలా వేసిందో ఎరోల్‌కి అర్థం కాలేదు, దాని మీద కూడా ఓ బూతు తిట్టాడు.

ఆఖరి కాగితం దాటాక ఆలోచించాడు. కాలు విరిగిన జంతువు ఎగువకి పోదు. జ్వరానికి దాహం వేస్తుంది, నీళ్ల కోసం దిగుతుంది. వాగు వెంట అడుగడుగునా ఆగుతూ, వాసన పీలుస్తూ దిగాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి వాగు మలుపు దగ్గర, ఫెర్న్ మొక్కల్లో, కొమ్ములు కనపడ్డాయి.

బతికే ఉంది. రెండు రోజులు, రెండు రాత్రులు. వెనక కాలు వాచిపోయి, చుట్టూ ఈగలు. చుట్టూ ఉన్న మట్టంతా ముందు కాళ్లతో గీకేసి ఉంది, లేవాలని ఎన్నిసార్లు ప్రయత్నించిందో. ఎరోల్‌ని చూసి ఇంకోసారి ప్రయత్నించింది. లేవలేక మూతి నేలకి ఆనించి ఊపిరి బుస్సుమని వదిలింది.

"అయిపోయిందిరా, అయిపోయింది," అన్నాడు ఎరోల్. ముప్ఫై మీటర్ల నించి మెడలో కొట్టాడు. ఒక్క దెబ్బకి పోయింది.

అప్పుడు కూడా కోపం ఆమె మీదే. చూడు, ఏం చేశావో చూడు అని పళ్లు కొరుకుతూ చొక్కా చేతులు మడిచి కత్తి తీశాడు. మోకీలుకి పైన చర్మం చీల్చాడు. చీము, నల్లటి నెత్తురు. ఎముక చితికిపోయి చిప్పలు చిప్పలుగా ఉంది. వేళ్లు పెట్టి తడుముతూ ఒక్కొక్క చిప్పా బయటికి లాగి రాతి మీద పెడుతున్నాడు. గట్టి ముక్క ఒకటి గోరుకి తగిలింది. లాగాడు. కమలాఫలం తొక్కలా చుట్టుకుపోయిన పల్చటి రాగి పొర. రాగే! ఎరోల్ గట్టిగా నవ్వాడు, వాగు పక్కన ఒంటరిగా.

నీళ్లలో కడిగి వెనక్కి తిప్పాడు. పొర లోపల బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంది. కత్తి మొనతో నొక్కితే వెన్నలా దిగబడింది. బొటనవేలితో రుద్దితే వేలి మీద నల్లటి మరక. కండలోకి మళ్లీ చెయ్యి పెట్టాడు. ఆవగింజంత ముక్కలు, బియ్యపు గింజంత ముక్కలు, అన్నీ బూడిద రంగువే. పదకొండు తీశాడు. ఇంకా ఉన్నాయి.

అతనికి తెలియని సరుకా అది? పైన పల్చటి రాగి పొర, లోపల నలభై రెండేళ్లుగా తన చేత్తో తను కొని తెచ్చుకుంటున్న సీసం.

మెడలోని దెబ్బదేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాడు. మెడెక్కడ, వెనక కాలెక్కడ! వాగులో చేతులు పెట్టి కూచున్నాడు. నీళ్లు మంచులా ఉన్నాయి, అయినా తియ్యలేదు. శనివారం మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. ఈసారి తను చెప్పుకున్నట్టు కాదు, జరిగినట్టు. ఆమె ఊపిరి బిగబట్టింది. పోతు ఆగింది. కనపడుతూనే ఉంది అని అందే, ఆ మాట ఇంకా ఒళ్లంతా మంట పెడుతోంది. వేలు ట్రిగ్గరు మీదే ఉంది. భుజం మీద తన తుపాకీ తన్నింది. ఆ తర్వాత ఆమెది వినపడింది. ఆ తర్వాతే! ముందు ఆమెది పేలి ఉంటే ముందే వినపడాలి కదా. వినపడలేదు. పైకి పోయిన దుమ్ము, తన తుపాకీ మోతకి ఉలిక్కిపడిన ఆడమనిషిది. గాలి తోసేసిన గుండు తనది.

"థూ," అన్నాడు ఎరోల్. తనని తనే.

విరిగిన ఎముక, రాగి పొర, సీసం ముక్కలు చేతిరుమాల్లో మూట కట్టి సంచిలో వేసుకున్నాడు. దిగుతూ ఉంటే రెండుసార్లు ఆ మూటని వాగులో పారేద్దామనుకున్నాడు. రెండోసారి చెయ్యి సంచిలోకి పోయింది కూడా. ఎవడు చూశాడు? మూడేళ్లంటే డెబ్బై. డెబ్బై తర్వాత ఏ మోకాళ్లతో ఎక్కుతాడు కొండ? అదే ఆఖరి. పారెయ్యలేదు. మంచివాడై కాదు. పారేసినా తనకి తెలుసు కదా అని, ఆ కోపంతో.

మంగళవారం పొద్దున మూట తీసుకెళ్లి నెవిల్ కొట్లో మేకుల డబ్బాల మధ్య విప్పాడు. నెవిల్ కళ్లజోడు పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి వెళ్లి కొట్టు తలుపు చేరేశాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"ఐలీన్‌కి."

"ఐలీన్ ఫరవాలేదు. కూచో, ఖీమా కూరి కాల్చిన 'పై' ఉంది, తిను." నెవిల్ తన ముక్కలో సగం ఇచ్చాడు. "చూడరా. లోయలో గాలి అలాంటిది. నీలాంటివాణ్ణే మోసం చేసిందంటే ఇంకెవడికి సాధ్యం? నీకా వయసు మీద పడింది, తొందరలో ఉన్నావు, వెలుతురు చూస్తే అలా ఉంది. ఎవరికైనా జరుగుతుంది."

ఆ ఖీమా పై వేడిగా ఉంది. ఎరోల్ తిన్నాడు. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. రెండు రోజుల్లో మొదటిసారి ఎవరో వీపు నిమిరినట్టయింది.

"మరి ఆ పిల్ల సంగతి?"

"దాందేముంది, ఆ నిషేధం ఎత్తేస్తాం. కమిటీ మళ్లీ ఆలోచించింది అని ఓ ఉత్తరం ముక్క రాసి పడేస్తా. ఆమె కొండ ఆమెకి, నీ కొండ నీకు. ఎవరికీ నష్టం లేదు. నువ్వే వెళ్లి చెప్పు, సంతోషిస్తుంది. ఇదిగో, ఈ ఎముక మాత్రం నీ కుక్కకి పడెయ్."

ఎరోల్ ఎముక కుక్కకి వెయ్యలేదు గానీ, మిగతాదంతా బాగానే ఉందనిపించింది. బుధవారం పొద్దున ఆరున్నరకి, కొండ కింది పాలశాల దగ్గర రిపెకా ట్యాంకర్ గొట్టం తగిలిస్తుంటే వెళ్లి నిలబడ్డాడు. ఆమె రబ్బరు బూట్లలో, గొట్టం భుజాన వేసుకుని ఉంది. పని ఆపలేదు.

"నీ నిషేధం ఎత్తేశారు," అన్నాడు.

పంపు శబ్దంలో వినపడలేదేమోనని మళ్లీ చెప్పాడు. వినపడింది.

"ఎందుకు?"

ఎరోల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తర్వాత చెప్పాడు. వాగు, ఫెర్న్ మొక్కలు, సీసం, అన్నీ. తన తుపాకీ ముందు పేలిందని కూడా చెప్పాడు. అది నెవిల్‌కి చెప్పలేదు.

రిపెకా గొట్టం బిగించి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంది. "బతికుందా అది, నువ్వెళ్లేసరికి?"

"ఉంది."

ఆమె మొహం అటు తిప్పుకుని పాల మీటరు వంక చూసింది. అందులో అంకెలు తిరుగుతున్నాయి.

"మరి నీకు? నీకు మూడేళ్లా?"

"నాకు... లేదు. నెవిల్ అన్నాడు, లోయలో గాలి..."

"గాలా?"

"గాలి తిరగబడిందని..."

"ఆదివారం నాడు ఆ గాలి ఎక్కడికి పోయింది?" రిపెకా అరవలేదు. అరిచినా బాగుండేది. "నేను గాలి అంటే నవ్వారు. పరికరాలు పెట్టుకుని గాలంటావేంటన్నారు. అదే లోయ, అదే నిమిషం. నీకు గాలి, నాకు రూలా? నన్ను పిలిచి మరీ కొండ ఎందుకిస్తున్నారో తెలుసా నీకు? నేను నోరు మూసుకోవాలని. ఇది క్షమాభిక్ష. నేను చెయ్యని తప్పుకి నాకు క్షమాభిక్ష!"

"నేను అలా అనుకోలేదు..."

"అనుకోవు. నీకు ఖీమా పై పెట్టారా తినడానికి?"

ఎరోల్ తల తీసేసినట్టు నిలబడ్డాడు. ఎలా తెలిసిందని అడగలేదు. మా ఊళ్లో నెవిల్ తన ఖీమా పై ఏ నేస్తాలకి పెడతాడో అందరికీ తెలుసు.

"మా పెద్దమ్మ అడిగింది," అంది రిపెకా. "'జంతువుని అలా వదిలేసి ఎలా వచ్చావే' అని. మా ఇంట్లో, మా వాళ్ల ముందు. నేనేం చెప్పనూ? ఆ ఉత్తరం ముక్క నాకొద్దు. నన్ను ఏ నోటితో దోషిని చేశారో ఆ నోటితోనే చెప్పమను, అందరి ముందూ."

పాలు నిండాయి. ఆమె గొట్టం ఊడదీసి, చుట్టి, ట్యాంకర్ ఎక్కి పోయింది. ఎరోల్ పాలశాల గుమ్మంలో, పేడలో, అక్కడే నిలబడిపోయాడు. కోపం ఇంకా ఉంది. దాన్ని ఎవరి మీద పెట్టాలో ఇప్పుడు స్పష్టంగా తెలిసింది. తన మీద పెట్టాక కూడా ఇంకా మిగిలింది.

శనివారం మధ్యాహ్నం క్లబ్బు సర్వసభ్య సమావేశం. ఏటా ఉండేదే, బయట సాసేజీలు కాలుతున్నాయి. ముప్ఫై ఒక్కమందిమి ఉన్నాం. ఆఖరి వరసలో తలుపు పక్కన రిపెకా, ఒళ్లో చేతులు పెట్టుకుని.

నెవిల్ గేటు తాళాల గురించి, కుక్కల గురించి చెప్పి, ముగించబోతుంటే ఎరోల్ లేచాడు. ముందుకొచ్చి మూట విప్పి ఎముక బల్ల మీద పెట్టాడు. వాసన మొదటి రెండు వరసలకీ తగిలింది.

"ఒరేయ్, తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు నెవిల్ పళ్ల సందునించి.

"నోరు ముయ్యి నెవిల్." నలభై ఏళ్లలో ఎవరూ నెవిల్‌తో ఆ మాట అనలేదు. "ఇది నేను కొట్టిన కాలు. నా సీసం. బోల్టు ఎత్తి ఉంచాల్సినవాణ్ణి దించి ఉంచాను. ఆమె చెప్పకుండా కాల్చాను, ఆమె కన్నా ముందు కాల్చాను. ఆమె గురి తప్పింది నా మోతకే. గాలి బాగాలేదని ఆమె చెప్పింది, ఎగతాళి చేశాను. ఆదివారం కమిటీ ముందు తప్పు చెప్పాను. వెతకనివ్వమని ఆమె అడుగుతుంటే టీ కలుపుకుంటూ కూచున్నాను. అది రెండు రాత్రులు బతికి ఉంది." ఊపిరి తీసుకున్నాడు. "రూలు ప్రకారం నాకు మూడేళ్లు. అది తీర్మానంగా పెడుతున్నాను. చేతులెత్తండి."

బయట సాసేజీల కొవ్వు చిటపటమంటోంది.

"అలాంటిదేం అక్కర్లేదు..." అని నెవిల్ మొదలుపెట్టాడు.

"చేతులు," అన్నాడు ఎరోల్.

ఎవరమూ ఎత్తలేదు. ఎరోల్ మా కంచెలు వేసినవాడు. వాన పడ్డ రాత్రులు మా గొర్రెల్ని వెతికిపెట్టినవాడు. డెబ్బై వస్తున్న మనిషికి ఆఖరి మూడేళ్లు ఎవడు లాక్కుంటాడు? నేనూ నా బూట్ల వంక చూస్తూ కూచున్నాను. నా చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి, అవి అక్కడే ఉండిపోయాయి.

ఆఖరి వరసలో కుర్చీ కదిలింది. రిపెకా నిలబడి చెయ్యి ఎత్తింది. నిటారుగా, పూర్తిగా. ఆమె వంక చూసి ఎరోల్ తన చెయ్యి కూడా ఎత్తాడు. ముళ్లతీగ మచ్చలున్న ఆ పెద్ద చెయ్యి పైనే ఉంచాడు.

నెవిల్ లెక్కపెట్టాడు, లెక్కపెట్టడానికేముందో. "అనుకూలం, రెండు. తీర్మానం వీగిపోయింది," అన్నాడు. ఎవరో ఊపిరి వదిలారు. ఇంకెవరో చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నారు. "రిపెకా మీది నిషేధం కూడా రద్దు. సరే, అందరూ తినండి," అన్నాడు నెవిల్.

జనం ఎరోల్ చుట్టూ మూగారు. భుజాలు తట్టారు. గొప్ప మనసురా నీది అన్నారు. రిపెకా దగ్గరికి ఎవరూ పోలేదు. ఎరోల్ ఆ చేతులన్నీ విదిలించుకుని బయటికొచ్చేసరికి ఆమె ట్రక్కు ఎక్కుతోంది.

"రిపెకా! నాకు మూడేళ్లు వెయ్యలేదు వాళ్లు," అన్నాడు. ఫిర్యాదు చేస్తున్నట్టుంది గొంతు.

"వెయ్యరు," అంది ఆమె. "నీకెప్పుడూ వెయ్యరు."

"మరి నన్నేం చెయ్యమంటావ్?"

ఆమె తాళం తిప్పి, అద్దం దించి, ఆయన వంక చూసింది.

"అది నన్నడక్కు, రూలు నీకు తెలుసు. వచ్చే శనివారం నేను కొండెక్కుతున్నా. దాని తర్వాత శనివారం కూడా. మూడేళ్లూ ప్రతి శనివారం ఎక్కుతా. అక్కడ నువ్వు కనపడతావో లేదో చూస్తా."

ట్రక్కు పోయింది. లోపల్నించి నెవిల్ పిలుస్తున్నాడు, సాసేజీలు చల్లారిపోతున్నాయని.